తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో వెబ్‌సైట్ల గురించినవే ఎక్కువ. విజయవాడ సూర్యారావుపేటలో మాది నలుగురం పనిచేసే చిన్న వెబ్ డిజైన్ ఆఫీసు. కింద జిరాక్స్ షాపు, పై అంతస్తులో మేము. పెట్టి పదకొండేళ్లయింది. అంతకుముందు గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో తొమ్మిదేళ్లు డీటీపీ పని చేశాను. నేను చేసి చూసినవాటి మీద ఆధారపడే ఈ జవాబులు రాస్తున్నాను.

అక్కా, మేం ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతాం. మూడేళ్ల కిందట తెలిసినవాళ్లబ్బాయి వెబ్‌సైట్ చేసిచ్చాడు. ఇప్పుడతను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. పది రోజులుగా సైట్ తెరిస్తే ఏవేవో ప్రకటనలు వస్తున్నాయి. అబ్బాయి ఫోనెత్తడం లేదు. సీసాల మీద, కవర్ల మీద ఆ పేరే అచ్చు వేయించాం. చాలా టెన్షన్‌గా ఉంది. పేరు పోయినట్టేనా?
– ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

పోయిందని ఇప్పుడే అనుకోకమ్మా. కానీ రేపటికి వాయిదా వేయకు. నువ్వు చెప్పినదాన్ని బట్టి డొమైన్ గడువు తీరిపోయినట్టుంది. డొమైన్ అంటే మీ సైట్ పేరు. దాన్ని కొన్నామని అంటాం గానీ నిజానికి అది అద్దె. ఏడాదికోసారో, కొన్నేళ్లకోసారో కట్టుకుంటూ పోవాలి. కట్టకపోతే పేరు అమ్మిన కంపెనీ అక్కడ ప్రకటనలు పెట్టుకుంటుంది.

డాట్ కామ్ పేరైతే, గడువు దాటాక కూడా చాలా కంపెనీలు కొన్ని వారాలు మామూలు ధరకే రెన్యూవల్ చేయనిస్తాయి. ఆ తర్వాత 30 రోజులు రిడెంప్షన్ గడువు, అంటే పేరును విడిపించుకునే గడువు. అప్పుడు అసలు ధరకు ఎన్నో రెట్లు అదనంగా అడుగుతారు. అదీ దాటితే 5 రోజులు ఎవరూ ముట్టుకోవడానికి లేదు. ఆపైన ఆ పేరు ఎవరైనా తీసుకోవచ్చు. కొన్ని కంపెనీలు అంతదాకా ఆగకుండా మధ్యలోనే వేలానికి పెట్టేస్తాయి. అందుకే ఈరోజే కూర్చోమంటున్నాను.

'హూయిజ్' (WHOIS) అని వెతికితే పేరు వివరాలు చూపించే పేజీలు వస్తాయి. అందులో మీ సైట్ పేరు కొట్టు. గడువు తేదీ, ఏ కంపెనీ దగ్గర తీసుకున్నారన్నది కనిపిస్తాయి. యజమాని పేరు మాత్రం ఈమధ్య చాలావరకు దాచి ఉంచుతున్నారు. కంపెనీ తెలిశాక ఆ అబ్బాయికి మెసేజ్ పెట్టు. కోపంగా వద్దు. "బాబూ, ఏ మెయిల్‌తో తీసుకున్నావో చెప్పు చాలు, డబ్బు మేం కడతాం, ఓటీపీ వస్తే చెప్పు" అని పెట్టు. వాళ్ల అమ్మగారితో కూడా ఒక మాట చెప్పించు. ఇలాంటి కేసులు నా దగ్గరికి చాలా వచ్చాయి. పేరు కాజేద్దామనుకున్నవాళ్లు అందులో ఒకరో ఇద్దరో. మిగతావాళ్లంతా రెండేళ్లు చేతి డబ్బు కట్టి, అడగడానికి మొహమాటపడి, చివరికి ఫోనెత్తడానికి కూడా ఇబ్బందిపడినవాళ్లే.

పేరు చేతికొచ్చాక నీ మెయిల్‌తో, నీ ఫోన్ నంబరుతో ఆ కంపెనీలోనే ఖాతా తెరిచి, పేరును అందులోకి మార్పించుకో. వేరే కంపెనీకి మార్చుకోవాలంటే ఆ అబ్బాయి లాక్ తీసి ట్రాన్స్‌ఫర్ కోడ్ ఇవ్వాలి. సైట్ ఫైళ్లు, ఫొటోలు మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లో ఇమ్మని అడుగు. పేరు దక్కినా లోపలి సరుకు లేకపోతే ఖాళీ కొట్టు మిగులుతుంది. ఎలాగూ సైట్ బాగుచేయిస్తావు కాబట్టి సీసా మీద వేసే 14 అంకెల ఫుడ్ లైసెన్స్ నంబరు అక్కడ కూడా కనపడేలా పెట్టించు.

ఆ అబ్బాయి చేసిన పొరపాటు ఒకప్పుడు నేనూ చేశాను. ఆఫీసు పెట్టిన కొత్తలో కస్టమర్లలో చాలామందికి మెయిల్ ఐడీలు ఉండేవి కావు. "అదంతా మీరే చూసుకోండి మేడమ్" అనేవాళ్లు. నేను కూడా అన్ని పేర్లూ నా మెయిల్‌తోనే, నా కార్డుతోనే తీసుకునేదాన్ని. ఒక ఏడాది డెంగీ వచ్చి పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. మెయిల్ చూసే ఓపిక లేదు. ఇంటికొచ్చేసరికి వన్‌టౌన్‌లో ఒక ఇత్తడి సామాన్ల షాపు సైట్ ఆగిపోయి ఉంది. అది సరిగ్గా పెళ్లిళ్ల సీజన్. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. "మీ ఆరోగ్యం ఎలా ఉందమ్మా" అని అడిగారు. ఆ మాటతో ఇంకా సిగ్గుపడ్డాను. జరిమానా కట్టి పేరు వెనక్కి తెచ్చాను. ఆ నెలంతా కూర్చుని కస్టమర్లందరికీ మెయిల్ ఐడీలు తెరిపించి, ఎవరి పేరు వాళ్ల ఖాతాలోకి మార్చాం. అప్పటినుంచి మా దగ్గర మొదటి రోజు పని అదే. కస్టమర్ ఎదురుగా కూర్చోవాలి, వాళ్ల ఫోన్‌కే ఓటీపీ రావాలి, వాళ్ల కార్డే కొట్టాలి. ఆ పూటంతా పట్టినా సరే.

అలా చేసినందుకు 2024 సెప్టెంబరులో బుడమేరు వరదప్పుడు ఎంత మేలు జరిగిందో చూశాను. సింగ్‌నగర్‌లో మా కస్టమర్ ఒకాయనది మిక్సీలు, గ్రైండర్ల షాపు. సెప్టెంబరు 1న నీళ్లొచ్చి షాపు మునిగింది, కంప్యూటర్ పోయింది. ఆయన సైట్ చూసే మా కుర్రాడిది పాయకాపురం. వాడు కూడా డాబా మీదే చిక్కుకుపోయాడు, ఫోన్‌లో చార్జింగ్ లేదు. లాగిన్ తన దగ్గరే ఉంది కాబట్టి ఆయన మేడ మీద కూర్చునే ఫోన్‌లో సైట్ తెరిచి, "షాపు మునిగింది, కొత్త ఆర్డర్లు తీసుకోవడం లేదు, డబ్బు కట్టినవాళ్లకు వెనక్కి పంపిస్తాం" అని పెట్టారు. తెలుగు తప్పుల్లేకుండా రాశారు. లాగిన్ మా ఆఫీసు బీరువాలో ఉండుంటే ఆ నాలుగు మాటలు ఎవరు రాసేవాళ్లు?

మేడమ్, నా వయసు 24. ఒంటరిగా వెబ్ డిజైన్ పనులు చేస్తున్నాను. ఒక ఫర్నిచర్ షాపుకు 30,000 రూపాయలకు మాట్లాడుకుని సైట్ చేశాను. 12,000 ఇచ్చారు. ఏడు నెలలుగా మిగతా డబ్బు రేపు, ఎల్లుండి అంటున్నారు. సైట్ ఆపేస్తే దారికొస్తారని ఫ్రెండ్స్ అంటున్నారు. లాగిన్ నా దగ్గరే ఉంది.
– ఒక డిజైనర్, మొగల్రాజపురం, విజయవాడ

ఆపొద్దు తమ్ముడూ. నీ కష్టం నాకు తెలుసు, 18,000 అంటే నీకు రెండు నెలల గది అద్దె, మెస్సు బిల్లు. అయినా ఆపొద్దు. వాళ్లకిచ్చేసిన సైట్‌ను వాళ్ల అనుమతి లేకుండా ఆపితే, 2000 నాటి ఐటీ చట్టం కింద నీ మీదే ఫిర్యాదు చేయడానికి అవకాశం ఇచ్చినట్టవుతుంది. ఇప్పటిదాకా తప్పు వాళ్లది, ఆ క్షణం నుంచి నీది కూడా. ఇంకో సంగతి, బందరు రోడ్డు మీద ఈ షాపులవాళ్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. 'సైట్ ఆపేసే కుర్రాడు' అన్న పేరు వారంలో ఊరంతా తిరుగుతుంది.

ముందు ఇప్పటిదాకా జరిగినదంతా కాగితం మీద పెట్టు. ఎప్పుడు మాట్లాడుకున్నారు, ఎంతకు, ఏ తేదీన సైట్ అప్పజెప్పావు, 12,000 ఎప్పుడు వచ్చింది అన్నీ రాసి ఒక బిల్లు తయారుచెయ్. మెయిల్‌లో పంపు, ప్రింటు తీసుకుని నువ్వే వెళ్లి ఇయ్యి. ఓనరుకే కాదు, లెక్కలు రాసే గుమస్తాకు కూడా ఒక కాపీ ఇయ్యి. చాలా షాపుల్లో డబ్బు కదిలేది ఆయన టేబుల్ మీద నుంచే. సాయంత్రం ఆరు తర్వాత, బేరాల రద్దీలో వెళ్లొద్దు. పొద్దున షట్టరు తీసిన అరగంటకు వెళ్లు.

నీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు, ఉందా? లేకపోతే ఈ వారమే చేసుకో. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అవుతుంది, ఫీజు లేదు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం నీలాంటి చిన్న సంస్థకు రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో అడిగే హక్కుంది. ఇలాంటి బాకీల గొడవలు తీర్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు కూడా చేయొచ్చు. పని మొదలుపెట్టేముందే రిజిస్ట్రేషన్ ఉంటే వాదన లేకుండా పోతుంది, పాత బాకీకి చిక్కు రావచ్చు. అందుకే తర్వాతి కస్టమర్ రాకముందే చేసుకోమంటున్నాను. ఇంకొకటి. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను నిబంధనల్లో ఒక మార్పు వచ్చింది. రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థలకు గడువులోగా కట్టని బిల్లును, కట్టిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలి. ఈ సంగతి వాళ్ల ఆడిటర్‌కు బాగా తెలుసు. నీ ఉద్యమ్ నంబరు బిల్లు మీద కనిపిస్తే ఆయనే గుర్తుచేస్తారు.

నువ్వు లాగిన్ నీ దగ్గరే ఉందని బలంగా చెప్పుకుంటున్నావు. నాకు అక్కడే బాధ కలిగింది. పచ్చళ్ల ఆవిడ ఉత్తరం చూశావుగా. పేరు మొదటి రోజునుంచే ఓనరుది కావాలి. నీ కష్టాన్ని కాపాడుకోవడానికి వేరే పద్ధతుంది. మేం పని మొదలయ్యేటప్పుడు సగం తీసుకుంటాం, డిజైన్ ఒప్పుకున్నాక పావు వంతు. అప్పటిదాకా సైట్ మా టెస్ట్ అడ్రస్ మీదే ఉంటుంది, కస్టమర్ ఎన్నిసార్లైనా చూసుకోవచ్చు. చివరి పావు వచ్చిన రోజు సైట్‌ను వాళ్ల పేరు మీదకు ఎక్కిస్తాం. డిజైన్ హక్కులు కూడా అప్పుడే వాళ్లకు దక్కుతాయని ఒప్పందంలో ఒక వాక్యం ఉంటుంది. మొత్తం ఒప్పందం రెండు పేజీలు, తెలుగులోనే. ఎన్నిసార్లు మార్పులు చేస్తామో, ఫొటోలు ఎవరివ్వాలో, ఎప్పటిలోగా ఇవ్వాలో కూడా రాస్తాం. డబ్బు దగ్గర గొడవలు చాలావరకు మొదలయ్యేది ఫొటోలు ఆలస్యమైన దగ్గరే.

మా స్కూలు చరిత్ర, టీచర్ల వ్యాసాలు అన్నీ పాతికేళ్లుగా అను ఫాంట్స్‌లో టైపు చేయించినవి. సైట్‌లో పెడితే పిచ్చి పిచ్చి ఇంగ్లీషు గుర్తులు వస్తున్నాయి. డిజైనరు పేజీలన్నీ బొమ్మలుగా పెట్టేద్దాం అంటున్నాడు. అలా చేయొచ్చా?
– ఒక కరస్పాండెంట్, గుంటూరు జిల్లా

దయచేసి ఒప్పుకోకండి సార్. ఈ ప్రశ్న నా పాత బతుకు. తొమ్మిదేళ్లు అనులోనే కొట్టాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు, కర్మకాండ కార్డులు ఎన్ని వేలో లెక్కలేదు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాన్ని ఇంగ్లీషు అక్షరం ఉండే చోట కూర్చోబెడతారు. ఆ ఫాంటు లేని చోట కింద దాక్కున్న ఇంగ్లీషు బయటపడుతుంది. యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో వాడే ఉమ్మడి పద్ధతి. అందులో తెలుగుకు సొంత చోటు ఉంది, 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ ఉంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాక మామూలు కంప్యూటర్లలో కూడా అది కనిపించడం మొదలైంది. ప్రెస్సులు మాత్రం అచ్చులో అందంగా ఉంటుందని అనునే పట్టుకున్నాయి. అందులో తప్పేమీ లేదు, అచ్చుకు అది చాలు.

బొమ్మగా పెడితే గూగుల్లో వెతికినవాళ్లకు మీ స్కూలు చరిత్రలో ఒక్క ముక్క దొరకదు. చూపులేని పాత విద్యార్థి ఎవరైనా ఫోన్‌తో చదివించుకోవాలనుకుంటే ఫోన్ నోరు మెదపదు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాటితో మార్పించండి. అయితే మార్చాక ఒత్తుల దగ్గర, సున్నాల దగ్గర తప్పులు పడతాయి. ఒక తెలుగు మాస్టారు కూర్చుని పంక్తి పంక్తీ చూడాల్సిందే. రిటైరైనవారు ఎవరైనా ఉంటే అడగండి, సంతోషంగా చేస్తారు.

మీ డిజైనరుకు నా మాటగా రెండు విషయాలు చెప్పండి. ఇంగ్లీషుకు పెట్టే పంక్తి ఎత్తు తెలుగుకు చాలదు. 'స్త్రీ', 'లక్ష్మి' లాంటి మాటల్లో ఒత్తులు కింది పంక్తికి తగులుతాయి, లేదా తెగిపోతాయి. మేం అక్షరం సైజుకు 1.7 రెట్లు ఉంచుతాం. అక్షరాల మధ్య ఖాళీ పెంచే సెట్టింగు తెలుగుకు అసలు వాడొద్దు, పదం చీలికలైపోతుంది. మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే దొరుకుతాయి. వ్యాసాలకు మండలి హాయిగా ఉంటుంది, శీర్షికలకు రామభద్ర.

మా అమ్మాయి డిగ్రీ అయిపోయింది. వెబ్ డిజైన్ నేర్చుకుంటానంటోంది. అన్నీ ఏఐ చేసేస్తుంటే ఈ పని ఇంకా ఉంటుందా?
– ఒక తల్లి, పటమట, విజయవాడ

మేం కూడా ఏఐ వాడుతున్నాం అమ్మా. కోడ్‌లో ఇదివరకు రోజు పట్టేది గంటలో అవుతోంది. ఆ మేరకు పని తగ్గిన మాట నిజం. తగ్గనిది ఎక్కడుందో మొన్న జరిగిన సంగతి చెబుతాను.

వస్త్రలతలో ఒక హోల్‌సేల్ బట్టల షాపుకు సైట్ చేస్తున్నాం. వివరాల కోసం మా ఆఫీసు అమ్మాయిని తీసుకుని వెళ్లాను. పెద్దాయన కౌంటరు వెనక కూర్చుని ముప్పావుగంట దాకా ఏమీ చెప్పలేదు. "మా దగ్గర అన్నీ ఉంటాయి, అదే రాయండి" అన్నారంతే. ఈలోగా రాజమండ్రి నుంచి ఫోనొచ్చింది. ఆ తర్వాత ఏలూరు, ఆ తర్వాత తెనాలి. ముగ్గురూ అడిగింది ఒకటే, రంగు దిగుతుందా అని. ముగ్గురికీ ఆయన చెప్పింది కూడా ఒకటే: "ఒక్క పీసు ఉతికి చూసుకో. దిగితే మొత్తం బేలు వెనక్కి పంపు, రానూపోనూ ఖర్చు నాది." మా అమ్మాయి ఆ మాటను నోట్‌బుక్కులో ఉన్నదున్నట్టు రాసుకుంది. సైట్‌లో మొదటి పంక్తి అదే పెట్టాం. ఆయన చదివి, "నా మాటే కదా ఇది" అని అబ్బాయిని పిలిచి చూపించారు.

మీ అమ్మాయికి అలా కూర్చుని వినే ఓపిక, తెలుగు శుభ్రంగా రాసే అలవాటు ఉంటే నిశ్చింతగా నేర్చుకోమనండి. కోర్సుకు వేలకు వేలు కట్టేముందు ఒక వారం మా దగ్గరకొచ్చి చూడమనండి, డబ్బేమీ అక్కర్లేదు. ఆషాఢం సేల్స్ అయ్యేదాకా మాకు ఊపిరాడదు, శ్రావణం మొదటి వారంలో పంపండి. ఒక నోట్‌బుక్కు, పెన్ను తెచ్చుకోమనండి.