2000 వాట్ల గీజర్ 1675 వాట్లే తీసుకుంటోంది, ఎలిమెంట్ మార్చాలా?

మీరు ఇచ్చిన అంకెలివి: విశాఖ పెదవాల్తేరులో ఫ్లాట్, 15 లీటర్ల గీజర్, 230 వోల్టులకు 2000 వాట్లు. గీజర్ టెర్మినళ్ల దగ్గర లోడ్ లేనప్పుడు 228 వోల్టులు, కాగుతున్నప్పుడు 212. కరెంటు 7.9 ఆంపియర్లు, అంటే 212 × 7.9 = 1675 వాట్లు. నీళ్లు ఆలస్యంగా కాగుతున్నాయి.

ఎలిమెంట్ (నీళ్లు కాచే కాయిల్) కొనకండి. అది బాగానే ఉంది, తేడా లైనులో ఉంది.

వోల్టేజిని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్: 212 ÷ 7.9 = 26.8 ఓములు. కంపెనీ లెక్క ప్రకారం ఉండాల్సింది 230 × 230 ÷ 2000 = 26.45. ఇంత దగ్గరగా ఉంటే ఎలిమెంట్‌ని అనుమానించక్కర్లేదు. ఎలిమెంట్ లోపలి నిక్రోమ్ తీగ వేడెక్కినా రెసిస్టెన్స్ కొద్ది శాతమే పెరుగుతుంది. అదే ఫిలమెంట్ బల్బయితే చల్లగా ఉన్నప్పుడు కొలిచిన ఓములు లెక్కకు పనికిరావు. బోరు నీళ్ల గార ఎలిమెంట్‌కి ఎంత పట్టినా ఈ కొలతలో కనపడదు, దాన్ని తెరిచి చూడాల్సిందే.

వాట్లు తగ్గడానికి కారణం వోల్టేజి. పవర్ వోల్టేజి వర్గాన్ని (వోల్టేజి × వోల్టేజి) బట్టి మారుతుంది కాబట్టి వోల్టులు 8 శాతం తగ్గితే వాట్లు 15 శాతం పైనే పోతాయి. 15 లీటర్లు 25 నుంచి 55 డిగ్రీలకు రావడానికి 2000 వాట్లతో దాదాపు 16 నిమిషాలు, 1675తో 19. అంతకంటే బాగా ఎక్కువ పడితే వేడి చాలగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ చూడండి.

అసలు చూడాల్సింది ఆ 16 వోల్టులు ఎక్కడ పోతున్నాయన్నది. 16 ÷ 7.9 అంటే దారిలో సుమారు 2 ఓములు ఉన్నాయి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు 100 మీటర్లకు సుమారు 0.8 ఓం ఉంటుంది. బోర్డు నుంచి బాత్రూమ్‌కి 15 మీటర్లనుకుంటే, పోను రాను 30 మీటర్లకు పావు ఓం కూడా రాదు. మిగతాదంతా ఏదో జాయింటులో ఉండాలి. 16 × 7.9 = 126 వాట్లు దారిలో వేడిగా మారుతున్నాయి, చాలావరకు ఆ జాయింటులోనే. మామూలు సాల్డరింగ్ ఐరన్ 25 వాట్లే. ఇందులో సగం ఒక్క స్క్రూ దగ్గర చేరినా ప్లాస్టిక్ కరుగుతుంది. సరిచేసేదాకా గీజర్ వాడకండి.

పరీక్ష కోసం మాత్రం ఒక్కసారి, కొద్ది నిమిషాలు ఆన్ చేసి మెయిన్ ఎంసీబీ (బోర్డులోని ఆటోమేటిక్ స్విచ్) దగ్గర వోల్టేజి చూడండి. అక్కడా 212కే పడితే తప్పు బయటి సర్వీసు వైపు, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి చెప్పండి. అక్కడ 226 ఉంటే ఇంట్లోనే ఉంది. లైవ్ బోర్డు అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్ చేత చూపించండి.

మెయిన్ ఆపి 16 ఆంపియర్ల సాకెట్, ప్లగ్, గీజర్ ఎంసీబీ, జంక్షన్ బాక్సు తెరవండి. న్యూట్రల్ జాయింటు మర్చిపోకండి, చాలామంది ఫేజ్ మాత్రమే చూసి వదిలేస్తారు. మన తీరంలో ఉప్పుగాలికి, బాత్రూమ్ ఆవిరికి రాగి మీద పచ్చటి చిలుం పట్టి జాయింట్లు త్వరగా పాడవుతాయి. నల్లబడిన వైరు కొస కత్తిరించి, కొత్తగా ఒలిచి, లగ్ (వైరు కొసకు నొక్కి వేసే లోహపు తొడుగు) వేసి బిగించాలి. పిన్నులు వదులైన సాకెట్‌ని బిగించి లాభం లేదు, మార్చాలి.

పని సరిగ్గా జరిగితే లోడ్ మీద దాదాపు 225 వోల్టులు, 8.4 ఆంపియర్లు, అంటే 1890 వాట్లు కనిపించాలి. 228 వోల్టుల సరఫరాలో 2000 రావు.