కుక్కకు మన కంచంలోది పెట్టొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా కుక్క చిట్టికి ఆరేళ్లు. ఆడది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. రెండేళ్ల కిందట 10 కిలోలు ఉండేది, ఇప్పుడు 13 కిలోలకు వచ్చింది. రెండు పూటలా డాగ్ ఫుడ్ పెడుతున్నాం. అది కాక, మేం భోంచేసేటప్పుడు పక్కన కూర్చుని మొహంలోకే చూస్తుంటుంది. ఎవరో ఒకరు పెట్టకుండా ఉండలేరు. మిగిలిన అన్నం, కూర గ్రేవీ, మాంసం కొవ్వు, ఎముకలు అన్నీ దానికే. ‘కుక్కలు ఎప్పుడూ మనం తిన్నదే తిని బతికాయి, ఏమీ కాదు’ అంటారు మా అత్తగారు. మావారు మాత్రం మెతుకు కూడా వేయొద్దంటారు. ఈ నెలలో రెండు సార్లు దానికి వాంతులు, విరేచనాలు అయ్యాయి. ఒక రోజులో వాటంతట అవే తగ్గాయి. రోజూ ఇంట్లో ఇదే గొడవ. ఎవరి మాట వినమంటారు? - ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: అమ్మా, ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. అయితే నాకు ముందు కంగారు పుట్టించింది మీ ఇంటి గొడవ కాదు, ఆ వాంతులు. వాటి దగ్గరికి వస్తాను. ముందు మీరు అడిగిన దానికి జవాబు చెబుతాను, ఎందుకంటే రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

మనిషి తినేది కుక్కకు విషం అన్న మాట తప్పు. డాగ్ ఫుడ్ ప్యాకెట్‌లో ఉండేదీ ధాన్యం, మాంసం, కొవ్వు, కూరగాయలే. మనుషుల దగ్గర బతకడం అలవాటయ్యాక కుక్క ఒంట్లోనే మార్పు వచ్చింది. పిండి పదార్థాన్ని అరిగించే ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు తోడేలులో కన్నా కుక్కలో ఎన్నో రెట్లు ఎక్కువ ప్రతులుగా ఉందని 2013లో పరిశోధకులు చూపించారు. కాబట్టి ఉడికిన అన్నం దానికి బాగానే అరుగుతుంది. ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన చికెన్ ముక్క, గుడ్డు, క్యారెట్, బీన్స్, గింజలు తీసేసిన ఆపిల్ ముక్క, గుమ్మడికాయ, ఇవన్నీ ఆరోగ్యంగా ఉన్న కుక్కకు కొంచెం కొంచెంగా పెట్టొచ్చు.

తేడా ఎక్కడ వస్తుందంటే, మీరు చిట్టికి పెడుతున్నది చికెన్ కాదు, చికెన్ కూరలో మిగిలింది. మనం భోంచేశాక కంచంలో ఏం మిగులుతుందో ఒకసారి చూడండి. మనం వద్దనుకుని పక్కన పెట్టిన కొవ్వు, తోలు, ఎముకలు, అడుగున నూనె తేలిన గ్రేవీ. అంటే ఆ వంటలో కుక్కకు పనికొచ్చే భాగం మనం తినేసి, దానికి చెరుపు చేసే భాగాన్ని ప్రేమగా దాని ముందు పెడుతున్నాం. ఇది మీ ఒక్కరి ఇంట్లోనే కాదు, నా దగ్గరికి కుక్కను తెచ్చే చాలామంది ఇళ్లలో జరుగుతున్నదే.

ఆ గ్రేవీ సంగతే తీసుకోండి. దానికి చిక్కదనం ఇచ్చేది ఉల్లిపాయ, వెల్లుల్లి. ఉల్లి జాతిలో గంధకంతో కూడిన కొన్ని పదార్థాలుంటాయి. మన ఎర్ర రక్తకణాలు వాటిని తట్టుకుంటాయి, కుక్కవి తట్టుకోలేవు. వాటి దెబ్బకు కణాలు చిట్లిపోయి రక్తహీనత వస్తుంది. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టి పొడి చేసినా ఆ గుణం పోదు. పొడిలో అయితే ఇంకా గాఢంగా ఉంటుంది. వెల్లుల్లి, బరువుకు బరువు చూస్తే, ఉల్లి కన్నా ఎక్కువ ఘాటైన విషం. కుక్క బరువులో ప్రతి కిలోకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లిపాయ ఒకేసారి కడుపులోకి వెళితే హాని కనబడుతుంది. 13 కిలోల చిట్టికి అది దాదాపు 200 గ్రాములు, అంటే పెద్ద ఉల్లిపాయ ఒకటి. ‘అంత మేం ఎప్పుడు పెట్టాం?’ అని మీరు అడగొచ్చు. ఒకేసారి పెట్టకపోయినా, రోజూ కొంచెం కొంచెంగా వెళ్లినా రక్తకణాలు దెబ్బతింటూనే ఉంటాయి. పైగా లక్షణాలు వెంటనే కనబడవు. రెండు మూడు రోజులకు, ఒక్కోసారి అంతకన్నా ఆలస్యంగా, కుక్క నీరసంగా పడుకోవడం, చిగుళ్లు తెల్లగా పాలిపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం మొదలవుతాయి. అప్పటికి ఆ కూర సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. అందుకే నీరసపడిన కుక్కను తెచ్చినప్పుడు నేను గత వారం రోజుల్లో ఏం పెట్టారో అడుగుతాను. మొదటి జవాబు ఎప్పుడూ ‘కొత్తగా ఏమీ పెట్టలేదండీ’ అనే.

ఇక కొవ్వు. చిట్టి విషయంలో నాకున్న అసలు భయం ఇదే. కొవ్వు ఎక్కువైన తిండి ఒక్క పూట తిన్నా కొన్ని కుక్కల్లో పాంక్రియాస్, అంటే క్లోమ గ్రంథి, వాచిపోతుంది. తిండిని అరిగించడానికి పేగుల్లోకి రావాల్సిన ఎంజైమ్‌లు ఆ గ్రంథిలోనే చైతన్యమై దాన్నే అరిగించడం మొదలుపెడతాయి. దీన్నే పాంక్రియాటైటిస్ అంటాం. విపరీతమైన నొప్పి ఉంటుంది. కుక్క చెప్పుకోలేదు కాబట్టి మనం గమనించాలి. ముందు కాళ్లు నేలకు ఆనించి, నడుము పైకెత్తి, వంగి నమస్కారం పెడుతున్నట్టు ఉండిపోతుంది. వాంతులు, తిండి మీద అయిష్టం, కడుపు ముట్టుకోనివ్వకపోవడం, విరేచనాలు కూడా ఉండొచ్చు. లావుగా ఉన్న కుక్కలకు, నడి వయసు దాటుతున్న వాటికి, మినియేచర్ ష్నాజర్ లాంటి కొన్ని జాతులకు ముప్పు ఎక్కువ. తేలిగ్గా వచ్చినప్పుడు ఒకట్రెండు రోజుల్లో తగ్గినట్టే కనబడుతుంది, మళ్లీ వస్తుంది. తీవ్రంగా వస్తే ప్రాణం పోవచ్చు. ఆరేళ్ల వయసు, మూడు కిలోల అదనపు బరువు, కంచంలోని కొవ్వు, నెలలో రెండు సార్లు వాంతులు. ఇవన్నీ కలిపి చదివితే ‘వాటంతట అవే తగ్గాయి’ అన్న మీ మాట దగ్గర నేను ఆగిపోయాను. అది పాంక్రియాటైటిసే అని ఇక్కడి నుంచి చెప్పలేను. చూపించుకోకుండా వదిలేయడానికి మాత్రం వీల్లేదు.

ఎముకల గురించి చాలామందికి ఒక నమ్మకం ఉంది, కుక్క అంటే ఎముక కొరకాల్సిందేనని. వండిన ఎముక పెళుసుబారి సూదుల్లా చీలుతుంది. ఆ ముక్క గొంతులో ఇరుక్కోవచ్చు, పేగుకు చిల్లు పెట్టొచ్చు, పొడి పొడిగా వెళ్లి పెద్దపేగులో సిమెంటులా గట్టిపడొచ్చు. వండిన ఎముక ఏదైనా, చిన్నదైనా పెద్దదైనా, వద్దు. మొక్కజొన్న కంకి బెండు, పండ్ల టెంకలు కూడా పేగులో అడ్డంపడి ఆపరేషన్ దాకా తెస్తాయి.

కొన్ని ఉన్నాయి, అవి ‘కొంచెమే కదా’ అన్న లెక్కలోకి రావు. ద్రాక్ష, ఎండుద్రాక్ష తిన్న కుక్కల్లో కొన్నిటికి కిడ్నీలు పాడవుతాయి. ఏ కుక్కకు ఎన్ని పండ్లతో అవుతుందో ముందుగా చెప్పలేం, అదే దీనిలోని ప్రమాదం. వాటిలోని టార్టారిక్ ఆమ్లమే కారణమని ఇప్పుడు అనుమానిస్తున్నారు. ఆ ఆమ్లం చింతపండులోనూ దండిగా ఉంది కాబట్టి పులుపు కలిసిన గ్రేవీకి ఇది ఇంకో అభ్యంతరం. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ కుక్క ఒంట్లోంచి చాలా నెమ్మదిగా బయటికి పోతుంది. అందులో సగం పోవడానికే 17 గంటలకు పైగా పడుతుంది. చాక్లెట్ ఎంత నల్లగా ఉంటే అంత ప్రమాదం. చిట్టి అంత కుక్కకు 50 గ్రాముల డార్క్ చాక్లెట్‌తోనే లక్షణాలు మొదలవుతాయి. మెకాడమియా గింజలు, మద్యం, పులియబెట్టిన పచ్చి బ్రెడ్ పిండి కూడా వద్దు.

వీటన్నిటికన్నా మీకు గట్టిగా చెప్పాల్సింది జైలిటాల్ గురించి, ఎందుకంటే ఇది వంటింట్లోనే కాదు, హ్యాండ్‌బ్యాగులో, బాత్రూమ్‌లో కూడా ఉంటుంది. చక్కెర లేని చూయింగ్ గమ్, బిళ్లలు, కొన్ని టూత్‌పేస్టులు, కొన్ని రకాల పీనట్ బటర్‌లో తీపి కోసం దీన్ని వాడతారు. మనకు ఏమీ కాదు. కుక్కకు మాత్రం ఇది లోపలికి వెళ్లగానే ఇన్సులిన్ ఒక్కసారిగా పెరిగి, అరగంట, గంటలోనే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. తూలడం, పడిపోవడం, ఫిట్స్ వస్తాయి. కిలో బరువుకు 0.1 గ్రాము చాలు, అంటే చిట్టికి గ్రామున్నర కూడా అక్కర్లేదు. కొన్ని గమ్ బిళ్లల్లోనే అంత ఉంటుంది. మోతాదు ఇంకా పెరిగితే లివర్ దెబ్బతింటుంది. షుగర్ ఫ్రీ అని రాసి ఉన్నది ఏదైనా కుక్కకు అందని ఎత్తులో పెట్టండి. పీనట్ బటర్ పెట్టే అలవాటుంటే డబ్బా మీద పదార్థాల పేర్లు చదివి గానీ పెట్టొద్దు.

ఇప్పుడు బరువు. 10 కిలోలు ఉండాల్సిన కుక్క 13 కిలోలు ఉండటమంటే 60 కిలోల మనిషి 78కి చేరినట్టు. మనం మన చేతి కొలతతో పెడతాం, తినేది దాని చిన్న ఒళ్లు. ఆపరేషన్ అయిన 10 కిలోల కుక్కకు రోజుకు సుమారు 600 కేలరీలు సరిపోతాయి. చిరుతిళ్లు, కంచంలోవి అన్నీ కలిపి అందులో పదో వంతు, అంటే 60 కేలరీలు దాటకూడదు. ఒక ఉడికిన గుడ్డులోనే 70 ఉంటాయి. గ్రేవీ మీద తేలిన నూనె ఒక పెద్ద చెంచాడు వెళితే 120, చిట్టి రోజువారీ అవసరంలో ఐదో వంతు. మీకు ‘చెంచాడే’ అనిపించేది దానికి ఒక పూట భోజనంలో సగానికి దగ్గర.

దీనికి మందులా పనిచేసే ఒక విషయం చెబుతాను. 48 లాబ్రడార్ కుక్కలను కూనలుగా ఉన్నప్పటి నుంచి చివరిదాకా గమనించిన ఒక అధ్యయనం 2002లో వెలువడింది. వాటిని జోడీలుగా చేసి, ప్రతి జోడీలో ఒకదానికి రెండోదాని కన్నా పాతిక శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవి సుమారు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల నొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. కుక్క ఆయుష్షులో రెండేళ్లంటే ఎంతో మీకు తెలుసు.

మీ అత్తగారి మాటకూ జవాబు ఇవ్వాలి. పెద్దవాళ్లు చూసింది అబద్ధం కాదు. అయితే ఆ కుక్కలు రోజంతా తిరిగేవి, తిన్నది తిరుగుడుకే అయిపోయేది. ఏ రోగంతో పోయాయో ఎవరూ పరీక్ష చేయించలేదు. చిట్టి గదుల మధ్య తిరుగుతుంది, దానికి పదమూడు పద్నాలుగేళ్లు రావాలని మీరందరూ కోరుకుంటున్నారు. ఆమెకు ఇలాగే చెప్పండి. కుక్క మీద ప్రేమ ఉండబట్టే ఆమె పెడుతున్నారు, ఆ ప్రేమను ఆపమని నేను అనను. ఒక పని అప్పగించండి. పొద్దున్నే నాలుగు క్యారెట్ ముక్కలు, రెండు మూడు చిన్న ఉడికించిన చికెన్ ముక్కలు ఒక చిన్న డబ్బాలో వేసి ఆమె చేతికివ్వండి. రోజంతా చిట్టికి ఎవరు ఏం పెట్టినా ఆ డబ్బాలోంచే, ఆమె చేతి మీదుగానే. వాంతుల సంగతి తేలేదాకా చికెన్ కూడా ఆపి క్యారెట్ ఒక్కటే ఉంచండి.

మీవారి మాటలో పాటించాల్సింది ఒకటుంది. భోజనం దగ్గర మాత్రం పెట్టొద్దు. పది సార్లు అడిగితే ఒకసారి దొరుకుతుందని కుక్కకు తెలిస్తే అది పదకొండోసారి కూడా అడుగుతుంది. ఆ ఒక్క ముద్దే అలవాటును బతికిస్తుంది. మీ భోజనానికి ముందే దాని పూట తిండి పెట్టేయండి, తినే వేళ వేరే గదిలో పడుకోబెట్టండి. మొదటి వారం మొరుగుతుంది, తలుపు గీకుతుంది. ఇంట్లో ఒక్కరు కూడా కరిగిపోకుండా రెండు మూడు వారాలు ఉంటే తగ్గిపోతుంది.

‘అయితే ప్యాకెట్ మానేసి దానికే వేరుగా వండి పెడతాం’ అని కొందరు అంటారు. అన్నం, చికెన్ రెండే రోజూ పెడితే కడుపు నిండుతుంది, కాల్షియం సరిపోదు. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ఎదిగే కుక్కపిల్లల్లో అయితే ఎముకలు మెత్తబడి వంగిపోతాయి. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు కుక్కల కోసం ప్రచురించిన 200 ఇంటి వంటకాలను 2013లో పరిశీలిస్తే 95 శాతంలో కనీసం ఒక ముఖ్య పోషకం తక్కువగా ఉందని తేలింది. వండి పెట్టాలనుకుంటే పశు పోషణ తెలిసిన డాక్టర్ చేత లెక్క రాయించుకుని, చెప్పిన సప్లిమెంట్లతో సహా పాటించాలి.

ఎప్పుడైనా ద్రాక్ష, చాక్లెట్, జైలిటాల్, ఉల్లిపాయ లాంటివి తిన్నదని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి. ఏం తిన్నదో, ఎంత, ఎప్పుడో రాసుకుని, ప్యాకెట్ ఉంటే చేతిలో పట్టుకుని వెంటనే వెటర్నరీ డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించాలని చూడొద్దు. ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఈ రోజు నుంచే కంచంలోది పూర్తిగా ఆపండి. ఈ వారంలోనే చిట్టిని డాక్టర్‌కు చూపించండి. రక్త పరీక్ష, పాంక్రియాస్‌కు చేసే లైపేజ్ పరీక్ష, అవసరమైతే కడుపు స్కానింగ్ చేయించాల్సి రావచ్చు. గ్రేవీ అలవాటు ఎంతకాలంగా ఉందో దాచకుండా చెప్పండి, రక్తహీనత ఉందేమో కూడా చూస్తారు. డాగ్ ఫుడ్‌ను గిన్నెతో అంచనాగా కాకుండా తూకం వేసి పెట్టండి. ఎంత తగ్గించాలో ఆ డాక్టరే లెక్క కట్టి ఇస్తారు. వారానికి 150 నుంచి 200 గ్రాముల చొప్పున తగ్గితే చాలు, నాలుగైదు నెలల్లో 10 కిలోలకు వస్తుంది. ఈలోగా వాంతులు మళ్లీ అయినా, నడుము పైకెత్తి వంగి ఉండిపోయినా, ఒక పూట తిండి ముట్టకపోయినా అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగకండి, రాత్రయినా సరే తీసుకెళ్లండి.