బీరువాలో సర్టిఫికెట్లు, వార్డులో ఖాళీలు

ప్రశ్న: మేడం, నేను బీఎస్సీ నర్సింగ్ చేసి విజయవాడ సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పద్నాలుగు నెలలుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. జీతం 14 వేలు. చేరేటప్పుడు రెండేళ్ల బాండు మీద సంతకం పెట్టించుకుని, టెన్త్ మెమో నుంచి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ దాకా ఒరిజినల్స్ అన్నీ తీసేసుకున్నారు. నైట్ డ్యూటీలో ఇరవై రెండు మంది పేషెంట్లకు నేనూ, ఒక ట్రైనింగ్ అమ్మాయీ. ఎయిమ్స్ నర్సు ఉద్యోగాల పరీక్ష నార్సెట్‌కి చదువుకోవాలని మానేస్తానంటే 50 వేలు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– పేరు వేయవద్దు, విజయవాడ

జవాబు: ముందు నిద్ర పట్టే మాట చెప్తానమ్మా. నార్సెట్ దరఖాస్తుకి స్కాన్ కాపీలు చాలు, ఒరిజినల్స్ అడిగేది వెరిఫికేషన్ అప్పుడు. కాబట్టి పరీక్ష ఆగదు, ఫీజు కట్టేయ్. ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ బేసిక్ 44,900 రూపాయలు, మంగళగిరి ఎయిమ్స్ మీకు కృష్ణ దాటితే వస్తుంది. ఆ ఆశ పెట్టుకోవడంలో తప్పేం లేదు, కానీ పోటీ గట్టిది, ఇరవై ఇద్దరిని చూసుకుని వచ్చి పుస్తకం తీస్తే రెండో పేజీకే కళ్లు మూతలు పడతాయి, అది నాకు తెలుసు.

ఇక సర్టిఫికెట్లు. అవి నీ ఆస్తి, తాకట్టు వస్తువులు కావు. నర్సులతో బాండ్లు రాయించుకోవడం సరికాదని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఎప్పుడో చెప్పింది. 50 వేలు అని బాండులో రాసి ఉన్నంత మాత్రాన అంతా కట్టి తీరాలని కూడా లేదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే, బాండులో రాసిన అంకె దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే. నీ మీద వాళ్లు ప్రత్యేకంగా ట్రైనింగ్ ఖర్చు ఏం పెట్టారో చూపించమను. చేరిన మూడో రోజే నైట్ డ్యూటీ వేసి ఉంటే (చాలా చోట్ల అదే జరుగుతుంది) చూపించడానికి వాళ్ల దగ్గర ఏముంటుంది?

కోపంలో చెప్పకుండా మానేయకు, అక్కడే అమ్మాయిలు దెబ్బతింటున్నారు. నోటీసు కాలం ఎంతో చూసుకుని రాజీనామా రాసి, ఒక కాపీ మీద రిసీవ్డ్ స్టాంపు వేయించుకో. వేయకపోతే ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపు. ఆ ఉత్తరంలోనే ఒరిజినల్స్ ఏవేవి వాళ్ల దగ్గరున్నాయో పేరుపేరునా రాయి. ఇవ్వకపోతే అదే కాపీతో అసిస్టెంట్ లేబర్ కమిషనర్ ఆఫీసుకి, అప్పటికీ కదలకపోతే పోలీస్ స్టేషన్‌కి. నాకు తెలిసినంతలో సగం గొడవలు లేబర్ ఆఫీసు పేరు ఉత్తరంలో కనపడగానే తేలిపోతాయి. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కాబట్టి, మానేసిన వాళ్లకు రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి, ఆ ముక్క కూడా రాయి.

పే స్లిప్ కూడా ఒకసారి తీసి చూడు. జీతం 21 వేల లోపు ఉన్నవాళ్లకు ఈఎస్ఐ ఉండాలి, ఇరవై మంది పనిచేసే చోట పీఎఫ్ ఉండాలి. జీతం సంగతంటావా, 2016లో సుప్రీంకోర్టు చెప్పడంతో కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకల లోపు ఆసుపత్రిలో కూడా నర్సుకి 20 వేలకు తగ్గకూడదని సిఫార్సు చేసింది. పడకలు రెండు వందలు దాటితే ఏకంగా ప్రభుత్వ నర్సుతో సమానం అంది. సిఫార్సు సిఫార్సే, దానంతటది జీతం పెంచదు. కేరళలో నర్సులు రోడ్డెక్కి సమ్మెలు చేస్తే 2018లో అక్కడి ప్రభుత్వం కనీస వేతనం 20 వేలు చేస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది.

ప్రశ్న: గుంటూరు కొత్తపేటలో నాకు నలభై పడకల ఆసుపత్రి ఉంది. నర్సులు ఆరు నెలలు కూడా నిలవడం లేదు. పని నేర్పేది మేము, వెళ్లేది హైదరాబాదు, గల్ఫ్, జర్మనీ. ఈ సంక్రాంతికి ఊరెళ్లిన ముగ్గురు తిరిగి రాలేదు. బాండు మూడేళ్లు చేయమని మిత్రులు సలహా ఇస్తున్నారు.
– ఒక డాక్టరు, గుంటూరు

జవాబు: డాక్టరు గారూ, పై ఉత్తరం ఒకసారి చదవండి. మీ ఆసుపత్రి అమ్మాయి కాకపోవచ్చు, అయినా చదవండి.

బాండు మూడేళ్లు చేస్తే చేరేవాళ్లే తగ్గుతారు, అంతే. జర్మనీ వెళ్లేవాళ్లను మీరూ ఆపలేరు, నేనూ ఆపలేను. జర్మన్ భాష బీ2 స్థాయి దాకా చదివిన పిల్ల ఆగమంటే ఆగుతుందా? కానీ వెళ్లిన ముగ్గురిలో ఎందరు నిజంగా విమానం ఎక్కారో కనుక్కోండి. నేను ఇన్‌చార్జ్ సిస్టర్‌గా చేసిన ఒక ఆసుపత్రిలో తెనాలి నుంచి వచ్చే అమ్మాయి మానేసి, నాలుగు సందుల అవతల, అయిదొందలు తక్కువ జీతానికి చేరింది. పిలిచి అడిగితే ఏమందంటే, "మేడం, అక్కడ హ్యాండోవర్, అంటే తర్వాతి షిఫ్టుకి అప్పగింత, ఎనిమిదింటికి అయిపోతుంది, బస్సు దొరుకుతుంది." మా దగ్గర రోజూ తొమ్మిదింబావు అయ్యేది. రోస్టరు ఆదివారం రాత్రి రాసి సోమవారం డ్యూటీ చెప్పేవాళ్లం, ఆఫ్ ఇచ్చినట్టే ఇచ్చి పొద్దున్నే ఫోన్ చేసి రమ్మనేవాళ్లం. ఆ రోస్టరు రాసింది నేనే, అందుకే చెప్తున్నా.

మీరు కాగితం తీసి లెక్క వేయండి. ఒక సిస్టర్ కుర్చీ ఇరవై నాలుగు గంటలూ నిండి ఉండాలంటే మూడు షిఫ్టులు, ఏడు రోజులు, మొత్తం ఇరవై ఒక్క డ్యూటీలు. వారానికి ఒకరు ఆరు డ్యూటీలు చేస్తారు. అంటే ముగ్గురున్నర. సెలవులు, జ్వరాలు, పెళ్లిళ్లు కలిపితే నలుగురి పైమాటే. చాలామంది ముగ్గురితో నడిపేస్తారు, ఆ తగ్గిన మనిషి పనే డబుల్ డ్యూటీ అవుతుంది, డబుల్ డ్యూటీ చేసిన పిల్ల మూడో నెలలో రాజీనామా ఇస్తుంది, మిగిలినవాళ్ల మీద ఇంకా పడుతుంది. మీ ఆసుపత్రిలో జరుగుతున్నది బహుశా ఇదే. 2002లో అమెరికాలో పెన్సిల్వేనియా ఆసుపత్రుల మీద వచ్చిన అధ్యయనంలో నర్సు మీద ఒక్కో పేషెంటు పెరిగేకొద్దీ ఆపరేషన్ అయినవాళ్లు నెల లోపు చనిపోయే ప్రమాదం 7 శాతం, నర్సు పూర్తిగా అలసిపోయే అవకాశం 23 శాతం పెరిగాయని తేలింది. కాలిఫోర్నియాలో 2004 నుంచి ఒక నర్సుకి ఎంతమంది పేషెంట్లనేది చట్టమే చెప్తోంది, ఇప్పుడు మామూలు మెడికల్, సర్జికల్ వార్డులో అయిదుగురు. మీరు అక్కడిదాకా ఒకేసారి వెళ్లలేరని నాకూ తెలుసు.

జీతం పెంచడానికి చెయ్యి ఆడకపోతే ముందు పని తగ్గించండి. ఎన్టీఆర్ వైద్యసేవ కేసులకు ఫొటోలు తీయడం, కాగితాలు అప్‌లోడ్ చేయడం, మందుల షాపుకి ఇండెంటు (కావలసిన మందుల చీటీ) రాయడం, ల్యాబ్ రిపోర్టుల కోసం తిరగడం ఇవన్నీ సిస్టర్లే చేస్తుంటారు. ఒక డిగ్రీ కుర్రాడిని పెట్టుకుంటే ప్రతి షిఫ్టులో గంటో గంటన్నరో మిగులుతుంది. రోస్టరు పదిహేను రోజుల ముందు గోడకు అంటించి, దాని మీద వైట్‌నర్ పూయకండి. రాత్రి డ్యూటీవాళ్లకు లోపల గడియ ఉన్న విశ్రాంతి గది ఇవ్వండి. పేషెంటు తాలూకు మనుషులు సిస్టర్‌ని తిట్టినప్పుడు మీరు ఎవరి పక్కన నిలబడతారో అందరూ చూస్తుంటారు, అదొకటి గుర్తుంచుకోండి. ఇంకా ఏడాది చేసినవాళ్లకు అడక్కుండానే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇచ్చేయండి. ఇక్కడినుంచి మర్యాదగా బయటపడ్డ సిస్టర్ తన జూనియర్‌ని మీ దగ్గరికే పంపుతుంది, కొత్తపేటలో పెద్ద ప్రకటన అదే.

ప్రశ్న: ఆపరేషన్ అయ్యాక మా నాన్నగారిని వార్డుకి మార్చారు. రాత్రి సెలైన్ అయిపోయిందని పిలిస్తే సిస్టర్ అరగంటకు గాని రాలేదు. ఎవరికి ఫిర్యాదు చేయాలి?
– మంగళగిరి నుంచి ఒక పాఠకుడు

జవాబు: నర్సింగ్ సూపరింటెండెంట్‌కి రాసి ఇవ్వండి, కాపీ ఆసుపత్రి మేనేజరుకి. అరగంట ఆలస్యం తప్పే. అయితే ఆ ఉత్తరంలో ఇంకొక వాక్యం చేర్చండి: ఆ రాత్రి ఆ వార్డులో ఎంతమంది పేషెంట్లున్నారు, ఎంతమంది సిస్టర్లున్నారు, ఆ రెండు అంకెలూ రాతపూర్వకంగా ఇవ్వండి అని.