బొంత కుట్టేవాళ్ల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా తిరిగి తిరిగి ఒక్క దగ్గరికే వచ్చాయి: ‘ఏం కుట్టాలో తోచడం లేదు’ అని. అందుకే సూదులు, దారాల సంగతి వచ్చే నెలకి వాయిదా వేశాను.

ప్రశ్న: నాన్నగారు పోయి రెండేళ్లయింది. ఆయన చొక్కాలు బీరువాలో అలాగే ఉన్నాయి. అమ్మ ఎవరికీ ఇవ్వనివ్వదు. వాటితో బొంత కుట్టాలని ఉంది గానీ కత్తెర పట్టుకుంటే చెయ్యి ఆడడం లేదు. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ముందు కత్తెర పక్కన పెట్టి అమ్మగారిని అడగండమ్మా. చొక్కాలు మీ నాన్నగారివే, కానీ బీరువా తెరిచినప్పుడల్లా చూసుకునేది ఆవిడ. ఆవిడ వద్దన్న చొక్కా జోలికి పోకండి. ఒప్పుకున్నా సరే, ఒకదాన్ని మాత్రం కొయ్యకుండా, ఉతక్కుండా కవర్లో పెట్టి ఉంచేయండి. మిగతావి ఎలాగూ ఉతకాలి, ఉతికితే మనిషి వాసన పోతుంది. ఈ సంగతి చాలామందికి ఉతికాకే తెలుస్తుంది, అప్పుడు చేసేదేమీ ఉండదు.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో ఒక నది వంపులో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు కుట్టిన బొంతలు ఇవాళ మ్యూజియం గోడల మీద ఉన్నాయి. 1942లో మిస్సోరీ పెట్‌వే అనే ఆవిడ, భర్త పోయాక, ఆయన పనికి వేసుకెళ్లిన బట్టలతో బొంత కుట్టింది. ఆయన్ని గుర్తు పెట్టుకోవడానికి, ఆ ప్రేమ కప్పుకుని పడుకోవడానికి అని కూతురితో అందట. అందులో పువ్వుల్లేవు, బొమ్మల్లేవు. పెద్ద పెద్ద పట్టీలు, వెలిసిన రంగులు, అంతే. నేను దాన్ని ఫొటోలోనే చూశాను, అయినా చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

ఇక కత్తెర సంగతి. మొదట ఆయన ఇంట్లో వేసుకుని అరగదీసిన చొక్కా తీసుకోండి, పెళ్లిళ్లకి వేసుకున్నది కాదు. చొక్కాలో పెద్ద ముక్క వచ్చేది వీపు దగ్గర. కాలరు, కఫ్‌లు లోపల బిరుసుగా ఉంటాయి కాబట్టి వదిలేయండి. గుండీల పట్టీ మాత్రం పారేయొద్దు, గుండీలు పెట్టేసి అలాగే ఒక ముక్కగా కొయ్యండి. జేబు విప్పి చూస్తే దాని కింద చొక్కా కొన్ననాటి రంగు కనబడుతుంది. ఆ ముదురు చదరం బొంత మధ్యలో వేస్తే ఇంకే డిజైనూ అక్కర్లేదు. కుట్టుకి ప్రతి వైపూ పావు అంగుళం వదలండి. టీషర్టులుంటే అవి సాగుతాయి, వెనక ఇస్త్రీతో అతుక్కునే పల్చటి బక్రం వేశాకే కొయ్యాలి.

ప్రశ్న: ఫోన్‌లో వందల కొద్దీ డిజైన్లు దాచుకున్నాను. ఏది చూసినా బాగుంది. మొదలుపెట్టబోయేసరికి టెన్షన్. మీకు ఐడియాలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

జవాబు: గుడ్డల మూట లోంచి. నిజంగానే చెబుతున్నాను. ఉన్న ముక్కలన్నీ మంచం మీద పరుస్తాను. ఆ రాత్రి మావారు పడక ఇంకో గదిలోకి మార్చుకుంటారు, అది వేరే సంగతి. పరిచాక ఏ ముక్క ఎక్కువుంది, ఏది చారెడే ఉంది, ఏది మందం, ఏది పల్చన అని చూస్తాను. సగం డిజైను అక్కడే తేలిపోతుంది.

మళ్లీ ఆ జీస్ బెండ్ వాళ్ల కథే చెప్పాలి. 1972లో సియర్స్ అనే పెద్ద దుకాణాల కంపెనీ అక్కడి ఆడవాళ్ల కుట్టు సంఘానికి కార్డురాయ్ గుడ్డతో దిండు గలీబులు కుట్టే పని ఇచ్చింది. మిగిలిపోయిన ముక్కలు వాళ్ల ఇళ్లకి చేరాయి. కార్డురాయ్ గీతలుగీతలుగా, దళసరిగా ఉంటుంది. చిన్నచిన్న ముక్కలు చేసి అతికితే అతుకులు బొద్దుగా లేస్తాయి. అందుకని పెద్ద చదరాలు, వెడల్పు పట్టీలు పెట్టారు. ఇవాళ వాటిని చూసి ఆధునిక చిత్రకళలా ఉన్నాయని అంటున్నారే, ఆ ధైర్యంలో కొంత గుడ్డ మందానిది. ఫోన్‌లోని డిజైనుకి మీ మూటలో ఏముందో తెలియదు కదా. ఓ పదిహేను రోజులు దాన్ని తెరవకండి.

ప్రశ్న: మా పాప పుట్టినప్పటి సంగతులు బొమ్మలుగా బొంత మీద పెట్టాలనుంది. నాకు బొమ్మలు గీయడం రాదు.

జవాబు: హ్యారియెట్ పవర్స్ గురించి తెలుసుకోండి. 1837లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో బానిసగా పుట్టిన మనిషి. ఆమె బొంతల్లో మిగిలి ఉన్నవిగా మనకి తెలిసినవి రెండే. మనిషంటే ఒక తల, గౌను ఆకారం, రెండు చేతులు. అంత తేలిగ్గా గుడ్డ కత్తిరించి పైన కుట్టేసింది. బాస్టన్ మ్యూజియంలో ఉన్న బొంతలో 1833 నవంబరులో ఆకాశం నిండా ఉల్కలు రాలిన రాత్రి ఉంది. అది ఆమె పుట్టడానికి నాలుగేళ్ల ముందు మాట! అంటే కళ్లారా చూసింది కాదు, పెద్దవాళ్లు చెప్పగా విన్నది. రెండో బొంతని మొదట ఎంతడిగినా అమ్మలేదు. తర్వాత ఇల్లు గడవక 5 డాలర్లకి అమ్మేసింది. ఇచ్చేటప్పుడు ఒక్కో గడిలో ఏముందో వివరంగా చెప్పింది, కొన్నావిడ రాసి పెట్టుకుంది. ఆ తర్వాత కూడా బొంతని చూసుకోవడానికి వెళ్లి వచ్చేదట.

కాబట్టి మీరు గీయక్కర్లేదు. పాప చెయ్యి కాగితం మీద ఆనించి చుట్టూ గీత గీయండి, పాలసీసా పెట్టి గీయండి. కత్తిరించి కుట్టేయండి. ఏ గడిలో ఏముందో మాత్రం ఎక్కడైనా రాసి పెట్టండి.

ప్రశ్న: నేను మగవాణ్ణి, రిటైరయ్యాక సరదాగా మొదలుపెట్టాను. విడిగా అందంగా ఉన్న రంగులు కలిపి కుడితే ఎందుకు తేలిపోతున్నాయి?

జవాబు: మగవాళ్లు కుట్టకూడదని ఎవరన్నారండీ? దర్జీలంతా ఎవరు మరి! రంగులు ఎన్నున్నా అన్నీ ఒకే ముదురులో ఉంటే ఏదీ పైకి లేవదు. ముక్కలు పరిచి ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీయండి. అంతా ఒకే బూడిదరంగు ముద్దలా కనిపిస్తే కొన్ని లేతవి, కొన్ని బాగా ముదురువి చేర్చాలి.

ప్రశ్న: కుట్టు మిషన్ లేదు. చేత్తో కుడితే గీత వంకర పోతోంది. చదరం చదరంగా రావట్లేదు.

జవాబు: రాకపోతే ఏమైందమ్మా? కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలని, ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల సంతతి ఉన్నారు. ఆ ఆడవాళ్లు కౌంది అనే బొంత కుడతారు. కొలతలూ ఉండవు, మిషనూ ఉండదు. అడుగున చాలాసార్లు పాత చీరే. ఒక మూల దగ్గర మొదలుపెట్టి, ముక్క అంచు మడిచి రన్నింగ్ స్టిచ్ వేస్తూ, అంచుల చుట్టూ తిరిగి తిరిగి లోపలికి, చివరికి మధ్యకి చేరతారు. ముక్కలు కలిపేదీ, పొరలు పట్టి ఉంచేదీ ఆ ఒక్క కుట్టే. నాలుగు మూలలకీ గుడ్డని చిన్న ముక్కోణాలుగా మడిచి పెడతారు, వాటిని పువ్వులంటారు. అవి లేకపోతే వాళ్ల లెక్కలో బొంత పూర్తయినట్టు కాదు. అక్కడ వంకరకి పేరు పెట్టేవాళ్లెవరూ లేరు.

చదరాలే కావాలంటే మాత్రం ఒక చిట్కా: గుడ్డ క్రాస్‌లో కోస్తే సాగుతుంది, సగం వంకర అక్కణ్ణుంచే వస్తుంది. పోగు వెంట కొయ్యండి. కుట్టే ముందు పొరలన్నిటికీ కలిపి కచ్చా కుట్టు వేసుకోండి.

ప్రశ్న: కష్టపడి కుట్టిన బొంత వాడాలా, దాచాలా?

జవాబు: వాడండి. చల్లనీళ్లలో ఉతికి నీడన ఆరేయండి. దాచి తీరాలంటే ఎప్పుడూ ఒకే మడతల మీద పెట్టకండి, మడత దగ్గరే పోగులు ముందు తెగుతాయి. కొన్ని నెలలకోసారి విప్పి వేరేలా మడవండి.