బహిస్త్వచం సరే, మధ్యస్త్వచం సాధువేనా?

సందేహం: పిండంలో మొదట ఏర్పడే మూడు పొరలను పాఠాలలో బహిస్త్వచం, మధ్యస్త్వచం, అంతస్త్వచం అని రాస్తున్నారు. కొందరు బాహ్యస్త్వచం అంటున్నారు. వీటిలో ఏవి సాధురూపాలు? బహిస్త్వచం, బాహ్యచర్మం ఒకటేనా?

సమాధానం: బహిస్త్వచం, అంతస్త్వచం నిస్సందేహంగా సాధువులు. బహిః, అంతః అనే అవ్యయాల చివర విసర్గ ఉంది. దానికి తకారం పరమైతే విసర్గ సకారమవుతుంది కనుకనే నిస్తేజం, మనస్తాపం, నభస్తలం వంటి మాటలు ఏర్పడ్డాయి. అదే విసర్గ చకారానికి ముందు శకారమవుతుంది కాబట్టి ‘చర్మం’ చేర్చినప్పుడు బహిశ్చర్మం, అంతశ్చర్మం అని రాయాలి.

మధ్యస్త్వచం మాత్రం పక్క మాటలను చూసి ఏర్పడిన రూపం. ‘మధ్య’ అకారాంతమైన నామం. విడిగా ప్రయోగించినప్పుడు దానికి విభక్తి ప్రత్యయంగా విసర్గ రావచ్చు గాని, సమాసంలో ఆ విభక్తి లోపిస్తుంది కనుక సకారం పుట్టడానికి చోటే లేదు. మధ్యతరగతిని ఎవరూ ‘మధ్యస్తరగతి’ అనరు కదా! మధ్యస్థం అనే మాట చెవిలో ఉండటం కూడా ఈ పొరపాటుకు తోడ్పడి ఉండవచ్చు. అయితే అందులోని ‘స్థ’ ఉండుట అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది, సంధివల్ల కాదు. కాబట్టి మధ్యత్వచం అనాలి. ‘బాహ్య’ కూడా అకారాంత విశేషణమే కనుక బాహ్యత్వచం సాధువు, బాహ్యస్త్వచం అసాధువు. మూడు మాటలూ ఒకే తూకంలో వినిపించాలన్న కోరిక సహజమే కాని, దానికోసం లేని సకారాన్ని తెచ్చిపెట్టడం సరికాదు.

ఇక రెండో ప్రశ్న నాకు మరింత ముఖ్యమైనదిగా తోస్తోంది, ఎందుకంటే ఇక్కడ పొరపాటు అక్షరంలో కాక అర్థంలో జరుగుతుంది. త్వచం అన్నా చర్మం అన్నా నిఘంటువులో ఒకటే. శాస్త్రంలో బహిస్త్వచం, బాహ్యచర్మం ఒకటి కావు. బహిస్త్వచం పిండ దశలోని పొర. మనిషి పిండంలో మూడో వారంలో ఏర్పడే ఈ పొరలో కొంత భాగం ముడుచుకొని గొట్టమై మెదడు, వెన్నుపాము అవుతుంది. పైన మిగిలిన భాగం నుంచి బాహ్యచర్మం, వెంట్రుకలు, గోళ్లు, స్వేదగ్రంథులు, పంటి పింగాణి, కంటి కటకం వస్తాయి. బాహ్యచర్మం కింద ఉండే అంతశ్చర్మం ఎక్కువగా మధ్యత్వచం నుంచి ఏర్పడుతుంది. అంటే ‘త్వచం’ అనిపించుకున్న పొర నుంచి మెదడు పుడుతుంది. చర్మమంతా ఒక్క త్వచం నుంచి పుట్టదు. 1817లో కోడి పిండంలో ఈ పొరలను వర్ణించిన పిండశాస్త్రవేత్త పాండర్ వీటిని జర్మన్ భాషలో ‘ఆకులు’ అన్నాడు. ఆ భాషలో పిండం పొరకూ గింజలోని బీజదళానికీ నేటికీ ఒకే పేరు. మనకు ఆ తికమక లేదు. ఉన్నదల్లా త్వచానికీ చర్మానికీ మధ్యనే. అందువల్ల పిండం పొరకు త్వచం, పెరిగిన శరీరంలోని పొరకు చర్మం అనే వాడుకను ఖచ్చితంగా పాటించాలని నా అభిప్రాయం.

బహిస్త్వచ దశకూ బాహ్యచర్మం సిద్ధమయ్యే దశకూ నడుమ మరో పొర ఉంది. మొదట ఒకే వరుస కణాలతో ఉండే పై పొర రెండో నెలలో విభజన చెందగా, దానిపై బల్లపరుపు కణాలతో తాత్కాలికమైన కప్పు ఏర్పడుతుంది. లోపల బాహ్యచర్మం సిద్ధమయ్యేవరకూ ఇది లేత పిండం ఉపరితలాలు ఒకదానికొకటి అతుక్కుపోకుండా కాపాడుతుంది. సుమారు 21వ వారం తర్వాత ఇది కనుమరుగవుతుంది. పుట్టిన బిడ్డ ఒంటిమీద కనిపించే తెల్లని జిడ్డు పూతలో ఈ రాలిన కణాలు కూడా కలిసి ఉంటాయి. పక్షులకూ సరీసృపాలకూ ఇటువంటి పొర ఉంది. జీబ్రాచేపలో మాత్రం ఇది మూడు త్వచాలూ విడివడక ముందే పిండాన్ని కప్పి ఉన్న పొర నుంచి వస్తుంది.

ఇంగ్లీషులో పెరిడెర్మ్ అనే ఈ పొరను పరిచర్మం అనవచ్చు గాని, వృక్షశాస్త్రంలో కాండం మీది బెండు పొరల సముదాయానికి ఆ పేరు వాడుకలో ఉంది. కనుక జంతు పిండం విషయంలో పరిత్వచం అనడం మేలు. ‘పరి’ ఇకారాంతమైన ఉపసర్గ, దానికి విసర్గ లేదు. కాబట్టి ఇక్కడ కూడా ‘పరిస్త్వచం’ అని రాయకూడదు.