చదువు మధ్యలో ఆపి సొంత పని మొదలుపెట్టవచ్చా?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: నమస్కారం. నాలుగేళ్ల డిగ్రీలో నాకు రెండో సంవత్సరం పూర్తి కావస్తోంది. ఏడాదిగా వీడియో ఎడిటింగ్ చేసి ఇస్తూ సంపాదిస్తున్నాను. ముగ్గురు క్లయింట్లు ఉన్నారు, ఎక్కువ పని ఒకరి దగ్గరనుంచే వస్తోంది. కాలేజీలో చెప్పే పాఠాలు నా పనికి ఏ కోశానా అక్కరకు రావడం లేదు. హాజరు కోసం కూర్చోవడం, ఒకరి అసైన్‌మెంట్ ఒకరు చూసి రాసుకోవడం, పరీక్షకు ముందు రాత్రి నోట్సు బట్టీ పట్టడం, ఫలితాలు రాగానే అంతా మరిచిపోవడం, ఇదే రెండేళ్లుగా నడుస్తోంది. కొందరు అధ్యాపకులకైతే తాము చెప్పే విషయంమీద తమకే ఆసక్తి లేదు. వయసంతా వృథా అవుతోందన్న బాధ పట్టుకుంది. పెద్ద పెద్ద సంస్థలు పెట్టినవారిలో ఎందరో కాలేజీ మధ్యలో వదిలేసినవారే కదా! నాన్నగారు మాత్రం ఇంత ఖర్చు పెట్టాక మానడమేమిటని ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న విద్యార్థి

జవాబు: మీ ఉత్తరంలో పని గురించి రెండు వాక్యాలున్నాయి, మిగిలినదంతా కాలేజీమీద విసుగే. ఆ విసుగు అబద్ధమని నేననను, కానీ మీరు దేని కోసం వెళ్లదలచారో దానికంటే దేనినుంచి తప్పించుకోదలచారో ఇందులో స్పష్టంగా కనిపిస్తోంది. పాఠాలు నచ్చకపోవడమే అసలు బాధ అయితే దానికి విరుగుడు వేరే సబ్జెక్టుకు మారడంలోనో, వేరే కాలేజీలోనో, దూరవిద్యలోనో దొరకవచ్చు. సొంత పని ఆ జబ్బుకు మందు కాదు. సొంత పనిలోనూ విసుగు పుట్టించే భాగం తక్కువేమీ ఉండదు. బిల్లు పంపి నెల దాటినా డబ్బు వేయని క్లయింటుకు మర్యాద చెడకుండా గుర్తుచేయడం, ఒకే వీడియోకు అయిదోసారి మార్పులు చేయడం, పన్ను లెక్కలు రాసుకోవడం, పని లేని వారాల్లో కొత్తవారిని వెతుక్కోవడం, ఇవన్నీ మీరొక్కరే చేసుకోవాలి.

ఇక గొప్పవారి సంగతి. మీరు తలచుకున్నవారి పేర్లు ఊహించగలను. బిల్ గేట్స్ 1975లో, ఆల్టెయిర్ అనే కంప్యూటరులో బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష పనిచేసేలా సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఇచ్చే పని చేతికి వచ్చిన తరువాతే హార్వర్డ్‌కు సెలవు పెట్టారు. మధ్యలో తిరిగి వచ్చి మరికొంత కాలం చదివారు కూడా. మార్క్ జుకర్‌బర్గ్ 2004 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ ప్రారంభించి, అది ఇతర విశ్వవిద్యాలయాలకు వేగంగా పాకిన తరువాత, ఆ ఏడాది వేసవికి కాలిఫోర్నియా వెళ్లి అక్కడే ఉండిపోయారు. మైకేల్ డెల్ కూడా 1984లో, హాస్టల్ గదిలో మొదలైన కంప్యూటర్ల వ్యాపారం అప్పటికే సాగుతుండగా చదువు ఆపారు. పని వెతుక్కుందామని కాలేజీ మానినవారు వీరిలో ఒక్కరూ లేరు. పని పెరిగి పెరిగి చదువుకు సమయం మిగలనప్పుడు మానారు. వ్యాపారం పడిపోతే తిరిగి చేరే అవకాశమూ, వెనక నిలబడే కుటుంబమూ వీరికి ఉన్నాయి. ఇవేవీ లేకుండా ఇదే పని చేసి నష్టపోయినవారి కథలు పత్రికలకు ఎక్కవు కాబట్టి, మనకు కనిపించే ఉదాహరణలన్నీ ఒక వైపువే.

వయసు వృథా అవుతోందన్న మాట దగ్గర కాస్త ఆగాలి. అమెరికాలో సంస్థలు స్థాపించిన సుమారు 27 లక్షల మంది వివరాలు తీసుకుని జరిపిన ఒక అధ్యయనం 2020లో ప్రచురితమైంది. కొత్త సంస్థల్లో అత్యంత వేగంగా ఎదిగిన, వెయ్యింటికి ఒకటిగా నిలిచినవాటిని చూస్తే, వాటి స్థాపకుల సగటు వయసు సంస్థ పెట్టేనాటికి 45 ఏళ్లు. అంటే ఇరవై ఏళ్లవారు గెలవరని కాదు; ఇరవై రెండుకు మొదలుపెట్టినంత మాత్రాన ఆలస్యమైనట్టు కాదని. ఒక్క రెండేళ్లలో చేజారిపోయే అవకాశం ఏదైనా నిజంగా మీ ముందు ఉంటే దాని పేరు చెప్పగలగాలి. మీ ఉత్తరంలో అలాంటిదేమీ నాకు కనిపించలేదు.

మీ నాన్నగారి వాదన కూడా సరైనది కాదు, ఆ మాటా చెప్పాలి. ఇంతవరకు పెట్టిన ఖర్చు మీరు చదివినా మానినా తిరిగి రాదు, కాబట్టి నిర్ణయంలో దాని ప్రమేయం ఉండకూడదు. లెక్కలోకి రావలసింది ముందున్న రెండేళ్లు: వాటికయ్యే డబ్బు, వాటివల్ల వచ్చేది, వాటి వల్ల పోయేది. ఈ లెక్కలో మాత్రం ఒక మెలిక ఉంది. నాలుగేళ్ల డిగ్రీలో రెండేళ్లు చదివితే సగం డిగ్రీ విలువ వస్తుందనుకుంటాం, కానీ ఉద్యోగాల మార్కెట్టు అలా చూడదు. చదివిన ప్రతి ఏడాదికీ వేతనం కొంత పెరిగినా, పట్టా చేతికి వచ్చే చివరి ఏడాదికి ఆ పెరుగుదల ఎక్కువగా ఉంటుందని ఆర్థికవేత్తలు చాలాకాలంగా గమనిస్తున్నారు. ఇప్పుడు మానేస్తే ఖర్చు సగం అయినట్టే, ఫలితం మాత్రం సగానికి చాలా తక్కువ. పైచదువులకు వెళ్లాలన్నా, ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు చేయాలన్నా, అనేక దేశాల్లో పని వీసా కావాలన్నా డిగ్రీ పూర్తయిందా లేదా అన్నదే మొదట అడుగుతారు. మీకిప్పుడు అవేవీ అక్కర్లేకపోవచ్చు. ముప్పై ఏళ్లకు అక్కర్లేదని మాత్రం ఇరవై ఏళ్లప్పుడు తేల్చలేరు.

ఇప్పుడు మీ పని దగ్గరకు వద్దాం, అసలు నిర్ణయం తేలవలసింది అక్కడే. ఎక్కువ పని ఒకే క్లయింటు ఇస్తున్నారంటే మీది ఇంకా వ్యాపారం కాలేదు. అది భద్రత లేని ఉద్యోగంతో సమానం: ఆయన తన ఖర్చు తగ్గించుకోవాలనుకున్న రోజున నోటీసు ఉండదు, పరిహారమూ ఉండదు. పైగా ఉపశీర్షికలు వేయడం, మాటల మధ్య ఖాళీలు కత్తిరించడం వంటి పనులను సాఫ్ట్‌వేర్లే చేసిపెడుతున్న కాలమిది. మీ సంపాదన అలాంటి పనులమీద ఎంత, కథ చెప్పే నేర్పుమీద ఎంత అన్నది నిజాయితీగా విడదీసి చూసుకోండి. చేతికి వచ్చిన మొత్తంలోనుంచి సాఫ్ట్‌వేర్ చందా, ఫైళ్లు దాచే స్థలానికి కట్టే అద్దె, మూడు నాలుగేళ్లకోసారి మార్చవలసిన కంప్యూటరు, పన్ను తీసేస్తే ఎంత మిగులుతోంది? ఇంట్లో ఉంటూ, తింటూ సంపాదించినది అంతా ఆదాయంగానే కనిపిస్తుంది. అద్దె, భోజనం, వైద్యం మీరే పెట్టుకుంటే అదే ఆదాయం ఎన్ని వారాలకు సరిపోతుందో కాగితంమీద వేసి చూడండి. అన్నిటికంటే ముఖ్యంగా, గత ఆరు నెలల్లో సమయం లేక ఎంత పని వద్దన్నారు? ఈ ప్రశ్నకు జవాబు ‘ఏమీ లేదు’ అయితే, మీ ఎదుగుదలకు అడ్డుగా ఉన్నది కాలేజీ కాదు.

నా సలహా ఇది. ఈ ఏడాది పరీక్షలు వదలకుండా రాయండి. ఆ తరువాత మానేయకుండా, ఒక సెమిస్టరుకో ఏడాదికో అధికారికంగా సెలవు ఇస్తారేమో కాలేజీలో కనుక్కోండి. చాలా విశ్వవిద్యాలయాల్లో ఆ వీలుంది, కానీ ఎవరో నోటిమాటగా చెప్పినదాన్ని నమ్మి ఊరుకోవద్దు: ఏ తేదీలోగా తిరిగి చేరాలి, ఇంతవరకు వచ్చిన క్రెడిట్లు ఎంతకాలం చెల్లుతాయి, ఫీజు మినహాయింపు పోతుందా, విద్యారుణం ఉంటే వాయిదాలు ఎప్పుడు మొదలవుతాయి అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. సెలవు మొదలుకాకముందే ఆరు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు విడిగా పెట్టుకోండి. సెలవు ముగిసేనాటికి ఏ ఒక్క క్లయింటునుంచీ మొత్తం ఆదాయంలో సగానికి మించి రాకుండా ఉంటే, పాత క్లయింట్లు చెప్పగా కొత్తవారు వాళ్లంతట వాళ్లు వస్తుంటే, అప్పుడు మానే విషయం మళ్లీ ఆలోచించవచ్చు. లేకుంటే తిరిగి చేరాలి. ఈ షరతులను ముందే రాసి మీ నాన్నగారికి ఇవ్వండి. తేదీ, కొలత ఉన్న కాగితం చూసిన తండ్రి, ‘మానేస్తాను’ అన్న మాట విన్న తండ్రిలా ప్రవర్తించరు.

ఇది పిరికి సలహా అనిపించవచ్చు. ఉద్యోగం చేస్తూనే పక్కన సొంత పని మొదలుపెట్టి, అది నిలదొక్కుకున్నాక ఉద్యోగం వదిలినవారి సంస్థలు మూతపడే అవకాశం, ఒకేసారి ఉద్యోగం మానేసి దిగినవారికంటే మూడోవంతు తక్కువని 2014లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. అది ఉద్యోగుల గురించే తప్ప విద్యార్థుల గురించి కాదు. అయినా కారణం ఇద్దరికీ ఒక్కటే: గడువు ఒత్తిడి లేకుండా పని నేర్చుకునే వీలు, పనికిరాని ఆలోచనను తక్కువ నష్టంతో వదులుకునే వీలు.

ప్రశ్న: మా అబ్బాయి ఏడాది కిందట కాలేజీ మానేసి, స్నేహితుడితో కలిసి సొంత సంస్థ పెట్టాడు. ఇంకా ఆదాయం లేదు. ప్రతి నెలా మేమే డబ్బు పంపుతున్నాం. ఆపేస్తే వాడి మనసు విరిగిపోతుందేమో, పంపుతూ ఉంటే వాడికి బాధ్యత తెలియదేమో అన్న రెండు భయాల మధ్య నలిగిపోతున్నాను.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, డబ్బు పంపడంలో తప్పు లేదు, ఎప్పటిదాకా అన్నది చెప్పకుండా పంపడమే ఇబ్బంది. అమెరికా కార్మిక గణాంక శాఖ వివరాల ప్రకారం కొత్త సంస్థల్లో సుమారు అయిదోవంతు మొదటి ఏడాదిలోనే మూతపడతాయి, అయిదేళ్లు తిరిగేసరికి దాదాపు సగమే మిగులుతాయి. కాబట్టి ఏడాదికి ఆదాయం రాలేదంటే మీ అబ్బాయి చేతకానివాడని అర్థం కాదు, అలాగని ఇంకొక్క ఏడాదికి తప్పక వస్తుందనీ కాదు. ఇంకా ఎన్ని నెలలు, నెలకు ఎంత ఇవ్వగలరో మీరూ మీవారూ కూర్చుని తేల్చుకుని ఒకేసారి చెప్పండి. రోజూ ఫోన్‌లో పని ఎలా ఉందని అడగవద్దు. నెలకోసారి రాబడి, ఖర్చు, బాకీల లెక్క చూపమనండి. లెక్క చూపడానికి వెనకాడితే మాత్రం అది ఆలోచించవలసిన విషయం. స్నేహితుడితో వాటాల ఒప్పందం రాతలో ఉందో లేదో కూడా ఒకసారి అడగండి. ఆదాయం లేనప్పుడు అనవసరమనిపించే ఆ కాగితం, ఆదాయం వచ్చిన మర్నాడే అవసరమవుతుంది.

ప్రశ్న: ఆరేళ్ల కిందట చదువు ఆపి సొంతంగా పని పెట్టుకున్నాను, బాగానే నడుస్తోంది. ఇప్పుడు డిగ్రీ పూర్తి చేయాలని ఉంది. నాకంటే చిన్నవాళ్ల మధ్య కూర్చోవడానికి సిగ్గుగా ఉంది. అసలు అవసరమా?
– మరో పాఠకుడు

జవాబు: యాపిల్ సంస్థ స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్, అప్పటికే లోకమంతా ఎరిగిన మనిషి, మారుపేరుతో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరి 1986లో డిగ్రీ పూర్తి చేశారు. మీకు మారుపేరు అవసరం ఉండదు. అవసరమా అన్నదానికి జవాబు మీ పనిని బట్టి ఉంటుంది. మీ రంగంలో లైసెన్సుకో, పెద్ద టెండర్లకో పట్టా అడుగుతుంటే చేరండి. చదవాలన్న కోరిక ఒక్కటే ఉన్నా చేరవచ్చు. బంధువుల నోరు మూయించడానికే అయితే అంత డబ్బు, అంత సమయం దండగ. ముందుగా పాత క్రెడిట్లు ఇంకా చెల్లుతాయో లేదో విశ్వవిద్యాలయానికి రాసి తెలుసుకోండి, చెల్లకపోతే సార్వత్రిక విశ్వవిద్యాలయాల్లో పని చేసుకుంటూనే చదివే కోర్సులు ఉంటాయి, వాటిని చూడండి.