నరాలకు దారి చూపే సంకేతాలు సరే, విటమిన్‌ ఏ ఎవరు రాశారు?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు, మూడో నెల. కడుపులో బిడ్డ నరాల పోగులకు కొన్ని ప్రొటీన్లు దారి చూపిస్తాయని చదివాను. ఆ సంకేతాలు బలంగా ఉండాలంటే ఏం వాడాలి? ఫోలిక్‌ యాసిడ్‌తో పాటు బంధువు ఒకరు చెప్పారని విటమిన్‌ ఏ క్యాప్సూల్స్‌, చేప కాలేయ నూనె వేసుకుంటున్నాను.

జవాబు: మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఆ చివరి వాక్యమే. ఆ క్యాప్సూల్స్‌, నూనె ఇవాళే ఆపేయండి. ఫోలిక్‌ యాసిడ్‌ మాత్రం మానకండి.

మీరు చదివింది నిజమే. ఎదుగుతున్న నరపు పోగు కొసన గ్రోత్‌ కోన్‌ అనే భాగం ఉంటుంది. అది సన్నటి వేళ్లలాంటివి చాచి, చుట్టూ తడుముకుంటూ సాగుతుంది. వెన్నుపాములో కొన్ని పోగులు ఒక పక్క నుంచి రెండో పక్కకు దాటాలి. నెట్రిన్‌ అనే ప్రొటీన్‌ వాటిని మధ్యగీత వైపు నడిపిస్తుంది. గీత దాటాక స్లిట్‌ అనే మరో ప్రొటీన్‌ వెనక్కి రానివ్వదు. దాటేదాకా స్లిట్‌ను పెద్దగా పట్టించుకోని పోగే, దాటగానే దాన్నుంచి దూరం జరుగుతుంది. నెట్రిన్‌ను గుర్తించే డీసీసీ జన్యువులో లోపం ఉన్న కొందరిలో ఒక చెయ్యి కదిపితే రెండోదీ తనంతట తానే కదులుతుంది. మీ ఇంట్లో ఎవరికైనా అలా ఉంటే డాక్టరుకు చెప్పండి.

ఈ సంకేతాలు ఎక్కడ, ఎప్పుడు ఉండాలో అక్కడ, అప్పుడే ఉండాలి. అంతటా ఒకేలా పెరిగితే పోగుకు దిక్కే తెలియదు. అందుకే వీటిని ‘బలపరిచే’ మాత్ర లేదు, వెతకొద్దు.

విటమిన్‌ ఏ సంగతీ ఇలాంటిదే. అది ఒంట్లో రెటినాయిక్‌ ఆమ్లంగా మారి, పిండంలో మెదడు వెనుక భాగం, గుండె వంటివి రూపుదిద్దుకోవడానికి సంకేతంగా పనిచేస్తుంది. లోపిస్తే ఇబ్బందే, మితిమీరినా ఇబ్బందే. రెటినాల్‌ (చేప కాలేయ నూనెలో ఉండే తరహా విటమిన్‌ ఏ) రూపంలో రోజుకు 10,000 ఐయూ (విటమిన్ల మోతాదు కొలమానం) దాటితే, ముఖ్యంగా తొలి నెలల్లో, పుట్టుకతో లోపాలు వచ్చే ముప్పు ఉంది. క్యాప్సూల్‌, నూనె కలిపితే మోతాదు ఎంతవుతుందో మీరు లెక్క చూసుకున్నారా? బంధువు మంచి కోరే చెప్పి ఉంటారు. కానీ గర్భిణి వేసుకునే ప్రతి మాత్రా, విటమినైనా సరే, డాక్టరు రాసిందే అయ్యుండాలమ్మా.

వేసుకున్నంత మాత్రాన బిడ్డకు లోపం వచ్చేసినట్టు కాదు. మోతాదు, ఎన్నాళ్లు వాడారన్నది తెలియకుండా నేను ఇక్కడ తేల్చి చెప్పలేను. సీసాలు వెంట తీసుకుని ఈ వారంలోనే మీ గైనకాలజిస్టును కలవండి. గర్భం రాకముందు మొటిమలకు ఐసోట్రెటినాయిన్‌ (ఇదీ విటమిన్‌ ఏ కోవ మందే) వాడి ఉంటే, ఎప్పుడు ఆపారో దాచకుండా చెప్పండి. 18–20 వారాల మధ్య, బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో చూసే అనామలీ స్కాన్‌ వాయిదా వేయకండి.